పంచాయతీ మైకులో మూడు పండగలు

డిగ్రీ పూర్తయ్యాక టీచరు పోస్టుల ప్రకటన కోసం ఎదురుచూస్తూ గడిపిన రెండేళ్ళూ నేను మా ఊరి పంచాయతీ మైకు చదివాను. పొద్దున్న ఆరున్నరకి, సాయంత్రం ఆరింటికి పంచాయతీ ఆఫీసు పక్కగదిలో కూర్చుని కార్యదర్శిగారు రాసిచ్చిన కాయితం చదవాలి. కుళాయి ఎప్పుడు వదులుతారో, కాలవ ఏ తారీకున కట్టేస్తారో, పశువుల డాక్టరుగారు ఏ రోజు వస్తారో, ఇలాంటివే. సాయంత్రం పూట అది చదివాక రేడియోలో రైతుల కార్యక్రమం పెట్టి, అవగానే స్విచ్చి కట్టేసి ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.

అంతకుముందు ఆ పని ఆఫీసు అటెండరుగారిది. ఆయనకి కాయితం చూసి చదవడమంటే విసుగు. ఒకసారి పైపైన చూసి, గుర్తున్నంతవరకూ చెప్పేసేవారు. పోలియో చుక్కలు ఎల్లుండయితే ఒకసారి రేపని చెప్పారు. తల్లులంతా చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి బడి వరండాలో మధ్యాహ్నందాకా కూర్చున్నారు. నర్సమ్మగారికి కోపం వచ్చింది. మేష్టారి అమ్మాయి ఇంటి దగ్గర ఖాళీగానే ఉంది కదా, ఆ పిల్ల చేత చదివించండని కార్యదర్శిగారితో చెప్పింది. అలా మైకు నా ముందుకొచ్చింది. అటెండరుగారు బతికాననుకున్నారు.

మేష్టారంటే మా నాన్నగారు. పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. మా ఇల్లు ఊరికి దక్షిణాన, కాలవ దాటాక ఉన్న పేటలో. మేము ముత్తాతల నాటి నుంచీ క్రైస్తవులం. మా తాతగారు ఊరి పొలాల్లో కూలికి పోయిన మనిషి. నాన్నగారి తరం వచ్చేసరికి పేటలో సగం ఇళ్ళలో మేష్టార్లు, నర్సులు, పోస్టాఫీసు ఉద్యోగస్తులు తయారయ్యారు. నాన్నగారికి ఉచ్చారణ పట్టింపు ఎక్కువ. ఒత్తులు పలక్కపోతే అన్నం ముందు నుంచి లేపి మరీ పలికించేవారు. నా మైకు ఉద్యోగానికి అదే అర్హత అయింది.

ఊళ్ళో మైకు వినిపించే హారన్లు మొత్తం నాలుగు ఉండేవి. పంచాయతీ డాబా మీద ఒకటి, గుడి వీధిలో ఒకటి, సంత దగ్గర ఒకటి, మా పేట వంతెన పక్కన ఒకటి. తొంభై ఆరు తుపానుకి నాలుగూ కిందపడ్డాయి. తర్వాత మూడు మళ్ళీ ఎక్కాయి. నాలుగోది ఎక్కలేదు. ఎవరూ వద్దని అనలేదు, ఎవరూ ఎక్కించనూ లేదు. అందుచేత నేను చదివేది ఊరంతటికీ వినిపించేది గానీ మా ఇంటికి వినిపించేది కాదు. చలికాలంలో గాలి ఉత్తరం నుంచి వీస్తే మాత్రం ముక్కలు ముక్కలుగా మా పెరట్లోకి వచ్చేది. అమ్మ గిన్నెలు తోముకుంటూ చెవి ఒగ్గి వినేదట. ఇంటికి వెళ్ళాక, ఇవాళ నువ్వు చెప్పింది నీళ్ళ గురించా, నూనె గురించా అని అడిగేది.

పండగల కోసం ఆఫీసు ఫైలులో ఒక పసుపుపచ్చ కాయితం ఉండేది. ఉగాది, స్వాతంత్ర్య దినం, వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి. ఒక్కోదానికీ రెండు వాక్యాలు. ప్రతిదీ ‘గ్రామ ప్రజలందరికీ’ అని మొదలయ్యేది. ధనుర్మాసం నెలంతా గుళ్ళో ప్రసాదం ఎన్నింటికి పెడతారో కూడా పొద్దుటి కాయితంలో ఉండేది. నేను చదివిన మొదటి ఏడాది డిసెంబరు ఇరవై అయిదున సెలవు అడిగాను, ఇచ్చారు. ఆ రోజు మైకు మోగలేదు. కాయితంలో క్రిస్మస్ లేదన్న సంగతి నాకే తట్టలేదు. మా పండగ చర్చిలో, ఇంట్లో, పేట వీధుల్లో ఉండేది. మైకులో ఎందుకుంటుంది?

ఆ సంగతి నాకు తట్టేలా చేసింది మా టైలరుగారు.

ఆయన కుట్టుమిషను పంచాయతీ ఆఫీసుకి ఆనుకునే ఉన్న పెంకుటింటి అరుగు మీద ఉండేది. అరవై దాటిన మనిషి, సన్నగా, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ. ఊళ్ళో ముస్లిం కుటుంబాలు ఏడో ఎనిమిదో, తలా ఒక వీధిలో. మా ఊళ్ళో మసీదు లేదు, సైకిలు మీద వెళ్ళే దూరంలో ఉన్న కొత్తపేట అనే పెద్ద ఊళ్ళోనే. నేను ఆయన్ని బాబాయిగారని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేష్టారి అమ్మాయిగారనే పిలిచేవారు. నా చిన్నప్పటి గౌన్లు కుట్టిన చేతులే అయినా ఆ ‘గారు’ వదిలేవారు కారు.

తొంభై తొమ్మిది డిసెంబరులో ఒక సాయంత్రం, నేను మైకు కట్టేసి బయటికి వస్తుంటే ఆయన మిషను ఆపి లేచి నిలబడ్డారు. రంజాను ఉపవాసాలు అప్పటికే మొదలయ్యాయి. కిందటేడాది జరిగింది చెప్పారు. ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం మబ్బు పట్టి నెలవంక కనిపించలేదు. ఇలాంటప్పుడు ఎక్కడో ఒకచోట కనపడిందని పెద్దవాళ్ళు తేల్చి, ఫోన్ల మీద కొత్తపేట మసీదుకి చెప్తారు. ఆయన కొడుకు సైకిలు మీద కబురు కోసం వెళ్ళాడు. దారిలో చెయిను తెగి, నడిపించుకుంటూ వెళ్ళేసరికి మసీదుకి తాళం. ఏమీ తెలియక మర్నాడు కూడా వీళ్ళు ఉపవాసం ఉన్నారు. పదిన్నరకి ఎవరో బస్సు దిగి వచ్చి, అక్కడ నమాజు కూడా అయిపోయిందని చెప్పారు. ఆయన భార్య అప్పుడు పొయ్యి ముట్టించింది. ఇదంతా ఆయన ఎవరి మీదా నెపం పెట్టకుండా, ఎవరికో జరిగినట్టు చెప్పారు.

ఆయన అడిగింది చాలా చిన్న కోరిక. ఆ సాయంత్రం కొత్తపేట నుంచి పంచాయతీ ఫోనుకి చెప్పించే ఏర్పాటు ఆయన చూసుకుంటారు. ఫోను వస్తే మైకులో ఒక్క ముక్క చెప్పాలి. అంతే.

“ఇన్నాళ్ళూ అడగలేదేం బాబాయిగారూ?” అన్నాను.

“ఆయ్, అడిగే పని ఒకటుందని తోచలేదండి. మిషను దగ్గిర కూచుని రోజూ మీరు చదివేది వింటన్నాను కదండి. మొన్న గేదె తప్పిపోయిందని చెప్పేరు. గేదె గురించి చెప్పేరు కదా, చంద్రుడి గురించీ చెప్తారేమో అనిపించిందండి.”

మర్నాడు కార్యదర్శిగారికి చెప్పాను. ఆయన అమలాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. కోపిష్టి కాదు. ఏ పనికైనా కాయితం ఉండాలనే మనిషి. విన్నంతసేపూ విని, సర్పంచిగారి పేర అర్జీ రాసి ఇమ్మన్నారు. రాయడానికి ఆఫీసులోనే కూర్చున్నాను. ‘రంజాన్ పండుగ కబురు’ అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాశాక, ‘అట్లే క్రిస్మస్’ అనే మాట కలం చివరికి వచ్చి ఆగింది. టైలరుగారి కోరిక వెనకాల నా కోరిక దాచి పంపుతున్నట్టు అనిపించింది. కాయితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

నాన్నగారు చదివి, సాయిబుగారిది రాయి, మనది అడక్కు అన్నారు. ఎందుకని అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన ఒకసారి అడిగారట. బడిలో పొద్దుటి ప్రార్థన దగ్గర పండగలప్పుడు పిల్లలకి నాలుగు మాటలు చెప్పేవారు. క్రిస్మస్‌కి కూడా చెప్దామండీ అని హెడ్ మేష్టారితో అన్నారు. ఆయన నవ్వి, మీకు చర్చి ఉంది కదయ్యా అన్నారట. అందులో తిట్టు లేదు, తిరస్కారం కూడా పెద్దగా లేదు. కానీ ఆ నవ్వు నాన్నగారికి ఇరవై ఏళ్ళయినా పోలేదు. “ఇస్తే తీసుకుందాం. అడిగి అనిపించుకోవడం ఎందుకమ్మా?” అన్నారు. నేను టైలరుగారి సంగతి ఒక్కటే రాసి ఇచ్చాను.

మా సర్పంచి ఆడమనిషి. సీటు ఆడవాళ్ళకి వచ్చిందని భర్త నిలబెట్టాడు. మొదట్లో ఆయనే వచ్చి మాట్లాడేవాడు, ఆవిడ సంతకాలు పెట్టి వెళ్ళేది. నాలుగేళ్ళయ్యేసరికి ఆవిడ చదివి గానీ సంతకం పెట్టడం లేదని కార్యదర్శిగారు కొంచెం బెంగగా చెప్పేవారు. అయిదో తరగతి చదువు. వేలు పెట్టి, పెదాలు కదిపి చదివేది. నా అర్జీని అలాగే చివరిదాకా చదివి తలెత్తింది. ఆ రోజు గదిలో ఆవిడ, ఆవిడ భర్త, కార్యదర్శిగారు, నేను ఉన్నాం.

“మరి మీ పండగో?” అంది నాతో.

“అది రాయలేదండి,” అన్నాను.

“రాయలేదా, అక్కర్లేదా?”

నాన్నగారి మాట గుర్తుంది. అబద్ధం మాత్రం నోటికి రాలేదు. “రాయలేదండి,” అని మళ్ళీ అదే చెప్పాను.

ఆవిడ భర్త కుర్చీలో కదిలి, చర్చి వాళ్ళకి సొంత మైకు ఉంది కదా అన్నాడు. గుడికీ ఉందండి, అయినా ప్రసాదం వేళ పంచాయతీ మైకులో చెప్తున్నాం కదా అని ఆవిడే అంది. పొద్దుటా సాయంత్రం వంటింట్లో తను మైకు వింటుందట. రెండూ చేర్చండి, క్రిస్మసూ రంజానూ, అని కార్యదర్శిగారికి చెప్పింది. ఆయన రాసుకున్నారు.

అంతటితో లేచి రావలసింది. కానీ ఆవిడ అలా ఉన్నదున్నట్టు అడిగేసరికి నాకు ధైర్యం వచ్చింది. మా పేటలో హారన్ లేదండి, చదివినా మావాళ్ళకి వినపడదు అన్నాను. కార్యదర్శిగారు, తుపానులో పడిపోయిందండి, బాగుచేయించాలని రాసే ఉంది అన్నారు. ఎప్పుడు రాశారని ఆవిడ అడగలేదు. ఎక్కడుంది అని మాత్రం అడిగింది. స్టోరు గదిలో పాత బీరువా వెనకాల దొరికింది. అంచు సొట్టపోయి, లోపల కందిరీగలు కట్టి వదిలేసిన మట్టి గూడు. అటెండరుగారు కర్రపుల్లతో గూడు రాల్చి, గుడ్డతో తుడిచారు. మూడేళ్ళుగా మేమంతా ఆ బీరువా ముందు నుంచే తిరుగుతున్నాం.

పేట వంతెన దగ్గర స్తంభం కూడా పోయింది కాబట్టి, కరెంటు పని తెలిసిన మా పేటాయన ఒకరు అక్కడి కొబ్బరి చెట్టెక్కి, ఆకులు మొలిచే మొవ్వుకి ఆరడుగుల కింద హారన్ కట్టారు. పరీక్ష కోసం నేను మైకులో ఒకటి, రెండు, మూడు అన్నాను. తర్వాత అమ్మ చెప్పింది, వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారట.

క్రిస్మస్ ముందు రోజు కార్యదర్శిగారు మర్నాటి కాయితం ఇచ్చి వెళ్ళారు. అందులో ఇలా ఉంది: ‘గ్రామంలోని క్రైస్తవ సోదర సోదరీమణులకు క్రిస్మస్ శుభాకాంక్షలు.’ తప్పేమీ లేదు. మర్యాదగా ఉంది. ఇంటికి వెళ్తూ వంతెన మీద మళ్ళీ చదువుకున్నాను. సంక్రాంతికి గ్రామ ప్రజలందరికీ. దీపావళికి గ్రామ ప్రజలందరికీ. మాకు వచ్చేసరికి, మాకు మాత్రమే. మన పండగ మనకే చెప్పుకోవడానికి ఇంత దూరం నుంచి తీగె లాగాలా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. నాన్నగారికి అసలే చెప్పలేదు.

తెల్లారి ఆరున్నరకి మంచు ఇంకా విడలేదు. గుళ్ళో పాశురాలు అయిపోయి, గంట మోగి ఆగింది. నేను స్విచ్చి వేసి, నీళ్ళ వేళలు చదివాను, ప్రసాదం వేళ చదివాను. తర్వాత కాయితం బల్ల మీద పెట్టి, “గ్రామ ప్రజలందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు” అన్నాను. ఒక్కసారే అన్నాను. స్విచ్చి కట్టేసి, గది తాళం వేసి, వెనక్కి చూడకుండా నడిచాను.

వంతెన దిగగానే నాన్నగారు కనిపించారు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, ఆ కొబ్బరి చెట్టు కింద నిలబడి ఉన్నారు. చర్చికి ఇంకా మూడు గంటల టైముంది. నేను దగ్గరికి వెళ్ళేదాకా పైకి చూస్తూనే ఉన్నారు.

“కాయితంలో అలాగే ఉందా?” అని అడిగారు.

“లేదండి నాన్నగారూ.”

“భ ఒత్తు సరిగా పడలేదు,” అని చెప్పి, ఇంటివైపు నడిచారు. వెనకాలే నేనూ నడిచాను. ఆయన మఫ్లరుతో రెండుసార్లు కళ్ళు తుడుచుకోవడం చూశాను. మంచుకి అనుకోవాలని ఆయన ఉద్దేశం. నేనూ అలాగే అనుకున్నట్టు ఊరుకున్నాను.

ఆ సాయంత్రం మైకు దగ్గరికి ఊళ్ళో పెద్ద రైతుగారు వచ్చారు. మా తాతగారు జీవితమంతా పనిచేసింది వాళ్ళ పొలంలోనే. ఆయన ఎప్పుడూ ఆఫీసు మెట్లెక్కిన మనిషి కాదు. తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డారు. పొద్దున్న మాకందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పేవు, మా ఇంట్లో ఆ పండగ లేదు కదమ్మా అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టుంది.

“సంక్రాంతికి అందరికీ అని చదువుతానండి. అందులో మా పేట కూడా ఉంటుందండి. అలాగే అనుకున్నానండి,” అన్నాను.

ఆయన ఆలోచించారు. “అదీ నిజమే అనుకో. కానీ కాయితంలో రాయించి చెప్పాల్సింది. నీ అంతట నువ్వు చెప్పకూడదు,” అని వెళ్ళిపోయారు. కాయితంలో లేదని ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఊళ్ళో అలాంటివి తెలిసిపోతాయి.

సోమవారం కార్యదర్శిగారూ అదే అన్నారు. కేకలు వేయలేదు. మైకు నాది కాదు, ఆయనదీ కాదు, పంచాయతీది అన్నారు. రాసింది చదవడమే మన పని. ఇవాళ మంచిమాటే మార్చావు, రేపు ఇంకొకరు ఇంకోటి మారుస్తారు, అప్పుడు నేనేం చెప్పను అని అడిగారు. ఇప్పటికీ ఆ మాటలో ఆయనది తప్పని అనలేను. అప్పుడు మాత్రం చాలా కోపం వచ్చింది. కొన్నాళ్ళు అటెండరుగారే చదువుతారని చెప్పి తాళంచెవి తీసుకున్నారు.

కొత్త సంవత్సరం నాడు, ఆ తర్వాత వారమంతా అటెండరుగారే మైకు చదివారు. నీళ్ళు వదిలే వేళ రెండుసార్లు తప్పు చెప్పారు. నేను ఇంట్లో కూర్చుని, ఇప్పుడు హారన్ ఉంది కాబట్టి, ప్రతి తప్పూ స్పష్టంగా విన్నాను. టైలరుగారి ముఖం చూడ్డానికి సిగ్గేసింది. ఆయన కబురు కోసం మొదలైన పనిని నేనే చెడగొట్టానని అనిపించింది. ఒకరోజు వెళ్ళి ఆ మాటే చెప్పాను. ఆయన సూది నోట్లోంచి తీసి, ఫోను వస్తే అటెండరుగారు చెప్తారు లెండి, మీరు మాత్రం వచ్చి పక్కన కూచోండి అన్నారు.

నెలవంక చూడాల్సిన రోజు రెండో శనివారం పడింది. కార్యదర్శిగారు రాలేదు. సంక్రాంతికి ఇంకా అయిదారు రోజులుంది. సాయంత్రం అయిదున్నరకే ఆఫీసుకి వెళ్ళాను, అటెండరుగారు అప్పటికే ఉన్నారు. టైలరుగారు ఉతికిన లాల్చీ వేసుకుని ఫోను పక్కన బల్ల మీద కూర్చున్నారు. పడమటివైపు తోటల మీద పొగమంచు తెరలా దిగింది. సూర్యుడు ఎక్కడ కుంగాడో కూడా తెలియలేదు, ఇక నెలవంక ఏం కనపడుతుంది. ఆయన ఖర్జూరం పండుతో ఉపవాసం విడిచి, మాకూ తలా ఒకటి పెట్టి, నమాజుకి ఇంటికి వెళ్ళొచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నారు. రేడియోలో రైతుల కార్యక్రమం కొబ్బరికి వచ్చే నల్లముట్టె పురుగు గురించి చెప్తోంది. ముగ్గురం అది శ్రద్ధగా విన్నాం, వేరే పనేం లేదు కనక.

ఫోను మోగింది. అటెండరుగారు ఎత్తి, ఆయ్, ఆయ్ అంటూ విని, రిసీవరు టైలరుగారికిచ్చారు. ఆయన వినడం అయ్యాక కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, కనపడిందటండి అన్నారు.

అటెండరుగారు రేడియో తగ్గించి, మైకు నావైపు జరిపారు. ఈ మాటలు నాకు నోరు తిరగవమ్మా, మీరే చెప్పండి అన్నారు. నా చెయ్యి ముందుకు వెళ్ళింది గానీ ఆగిపోయింది. చదవొద్దన్నారు. కాయితమూ లేదు. మళ్ళీ నా అంతట నేను చెప్తే, వచ్చే ఏడాది ఈ కబురు మైకులో ఉండదేమోనని భయం వేసింది. అప్పుడు తోచింది, ఇది చెప్పాల్సిన మనిషి పక్కనే ఉన్నారు కదా అని.

“బాబాయిగారూ, మీ కబురు మీరే చెప్పండి,” అన్నాను.

ఆయన వద్దండి, వద్దండి అని వెనక్కి జరిగారు. అటెండరుగారు భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆయన మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నారు. మైకుకి మరీ దగ్గరగా వంగితే హారన్లన్నీ ఒకసారి కూశాయి. నేను ఆయన్ని కొంచెం వెనక్కి జరిపాను.

“ఆయ్, అందరికీ నమస్కారమండి. నేనండి, ఆఫీసు పక్కన మిషను కుట్టేవాణ్ణండి. చంద్రుడు కనపడ్డాడంటండి. మన ఊళ్ళో కాదండి, మంచు పట్టేసింది కదండి, వేరే చోట కనపడ్డాడండి. రేపు రంజాను పండగండి. మా వాళ్ళందరూ వింటన్నారు కదండి, రేపు ఉపాసం లేదండి.” అక్కడ ఆగారు. అయిపోయిందనుకుని నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను. ఆయన మళ్ళీ వంగి, “మిగతావాళ్ళు కూడా రేపు మా ఇంటికి రావాలండి. సేమ్యా కాస్తారండి. అందరూ రావాలండి, ఆయ్,” అన్నారు.

ఊరంతటినీ పిలిచేశానని ఆయనకి స్విచ్చి కట్టేశాక తెలిసింది. బిత్తరపోయి మా ఇద్దరి ముఖాలూ చూశారు. అటెండరుగారు పడీ పడీ నవ్వారు.

మర్నాడు ఆదివారం. మేము చర్చి నుంచి నేరుగా అటే వెళ్ళాం, అమ్మ, నాన్నగారు, నేను, పేటలో ఇంకో పాతికమంది. ఆ ఇంటి ముందు అప్పటికే వీధిలోకి వచ్చి నిలబడ్డ జనం. పిలుపు వినగానే ఆ ఇంట్లో పాలు సరిపోవని సర్పంచిగారికి తోచిందట. తెల్లారకుండానే రెండు పెద్ద బిందెలతో పంపింది. టైలరుగారి భార్య తలమీద కొంగు సర్దుకుంటూ, ఎవరొచ్చినా గ్లాసు చేతికిస్తూ, చక్కెర సరిపోయిందా అని ప్రతివాళ్ళనీ అడుగుతోంది. సర్పంచిగారు వచ్చి, లోపలికి వెళ్ళి వంటింట్లో పీట మీద కూర్చుని తాగి వెళ్ళింది. పెద్ద రైతుగారు రాలేదు. ఆయన కోడలు వచ్చింది. నాన్నగారు రెండో గ్లాసు కూడా అడిగి తీసుకున్నారు. పరాయి ఇంట్లో ఆయన ఏదైనా అడిగి తీసుకోవడం నేను చూడలేదు.

సోమవారం కార్యదర్శిగారు బస్సు దిగేసరికి టైలరుగారు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నారు. తప్పు నాదండి, అమ్మాయిగారిది కాదండి అని ముందే చెప్పేశారు. ఎవరు రాసిచ్చిన కాయితం చదివేరని ఆయన అడిగారు. కాయితం లేదండి, నాకు చదువే రాదు కదండి అన్నారు టైలరుగారు. కార్యదర్శిగారు చాలాసేపు ఆయన్నే చూసి నవ్వేశారు. మా ఆఫీసులో ఆయన నవ్వు వినడం నాకదే మొదలు.

ఆ మధ్యాహ్నం నన్ను పిలిపించారు. పసుపు కాయితం పక్కన పెట్టి, తెల్లకాయితం మీద పండగలన్నీ మళ్ళీ రాసి ఉంచారు. వరసలో క్రిస్మస్, రంజాన్ కూడా ఉన్నాయి. అన్నిటికీ పైన, ఒక్కసారే, ‘గ్రామ ప్రజలందరికీ’ అని రాసి కింద గీత గీశారు. తాళంచెవి బల్ల మీద నావైపు తోసి, ఏదైనా మార్చాలనిపిస్తే ముందు నాకు చెప్పు, మారుద్దామో లేదో ఇద్దరం చూద్దాం అన్నారు. సరేనండి అన్నాను. ఆ తర్వాత నేను ఒకటి రెండు మాటలు మార్చమన్నాను. కొన్ని మార్చారు, కొన్ని మార్చలేదు.

ఆ ఏడాది చివర్లో నాకు రాజోలు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. నా తర్వాత మైకు ఇంకో అమ్మాయి చదివింది. నెలవంక కబురు మాత్రం ప్రతి ఏడూ టైలరుగారే చెప్పేవారు. ఎవరూ అలా నిర్ణయించలేదు, అలా జరిగిపోయిందంతే. రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, అది డిసెంబరులోకి, అక్కణ్ణుంచి నవంబరులోకి వచ్చింది. ఈలోగా ఇంటింటికీ కేబులు టీవీ వచ్చింది. సాయంత్రం రైతుల కార్యక్రమం వినేవాళ్ళు తగ్గారు. హారన్లలో ఒకటి పాడైతే ఎవరూ బాగుచేయించలేదు. అది మాత్రం మాది కాదు, సంత దగ్గరది.

ఒక ఏడాది దీపావళికీ రంజానుకీ మధ్య రెండు మూడు రోజులే తేడా వచ్చింది. నేను సెలవు పెట్టి ఇంటికి వచ్చి ఉన్నాను. సాయంత్రం అమ్మా నేనూ పెరట్లో కూర్చుని ఉండగా మైకు ఒకసారి కూసింది. ఆయన గొంతు బాగా సన్నబడింది. నమస్కారం చెప్పి, చంద్రుడి మాట చెప్పి, ఈసారి పిల్లలు మిగిలిన టపాకాయలు కూడా తెచ్చుకోవచ్చండి, మా వీధిలో కాల్చుకోవచ్చండి అన్నారు. అమ్మ విని, పాపం ముసలాయనకి దగ్గు ఎక్కువైంది, పొగ పడదు కదా అంది. నాన్నగారు లోపలి నుంచి, పిలిచాడు కాబట్టి వెళ్ళాలి అన్నారు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళి, సేమ్యా తాగి, అక్కణ్ణుంచి నేను రాజోలు బస్సు ఎక్కాను.